టపా కాకి తిరిగే నలభై నిమిషాలు

112వ రోజు

గిడ్డంగిలో బియ్యం ఎనిమిది బస్తాలు, మంచినీటి యంత్రం జల్లెడలు మూడు, ఎండిన నాచు నలభై రెండు మూటలు. తెల్లారేసరికి దక్షిణం గాలి. కెరటం మూడో మెట్టు దాకా వచ్చి తగ్గింది.

నిన్నటి పడవలో నర్సు సత్యవతమ్మగారు వెళ్ళిపోయారు. సముద్రంలో నిలబెట్టిన ఈ మూడో వేదిక మీద తొమ్మిదేళ్ళు పనిచేశారు. ఇక ఈ ఇనుప మెట్లు మోకాళ్ళు ఎక్కనివ్వడం లేదని సెలవు తీసుకున్నారు. అదే పడవలో కొత్త నర్సు దిగింది. పేరు మైలపల్లి నూకరత్నం. పాతికేళ్ళుంటాయి. సముద్రం మీద నిద్రపోవడం ఇదే మొదటిసారట. దిగగానే రెండుసార్లు వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, "మందుల చల్లపెట్టె ఎక్కడుందండీ?" అని అడిగింది. అప్పుడే ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది.

చల్లపెట్టెలో ఇన్సులిన్ పదిహేడు రోజులకు ఉంది. వేదిక మీది నూట అరవై మందిలో ఇన్సులిన్ మీద బతికేవాళ్ళు పదకొండు మంది. నా భార్య పోలేశ్వరి వాళ్ళలో ఒకతె.

113వ రోజు

పది గంటలకు టపా కాకి వచ్చింది. దాన్ని కాకి అంటాం కానీ మనిషి లేని చిన్న విమానం. రోజుకొకసారి వచ్చి మా స్తంభం చుట్టూ నలభై నిమిషాలు తిరిగి నాలుగో వేదికకు పోతుంది. ఆ నలభై నిమిషాలే ఒడ్డుతో మాకు లంకె. మాటలు మోసే రేడియో కిందటేటి తుపానులో పోయింది. మెయిల్ ఒక్కటే మిగిలింది.

నూకరత్నానికి అకౌంటు పెట్టడం నా పని. గిడ్డంగితోపాటు కంప్యూటర్ల బాధ్యత కూడా నాదే, ఎందుకంటే ఇంకెవరికీ ఇష్టం లేదు. ఒడ్డున ఉన్న మందుల డిపో నర్సు సొంత అకౌంటు నుంచి వచ్చిన జాబితాకే మందులిస్తుంది. అందులో ఆ వారం రక్తపరీక్ష అంకెలు ఉండాలి. సత్యవతమ్మగారి అకౌంటు ఆవిడ పడవెక్కిన రోజే మూసేశారు. నూకరత్నం పేరు మీద ఒడ్డున కొత్తది తెరిచారు. మా వైపు నుంచి మెయిల్ ప్రోగ్రాంలో దాన్ని ఎక్కించుకోవాలి, అంతే.

ఆసుపత్రి గది కంప్యూటర్లో నీలం కవరు బొమ్మ నొక్కాను. పేరు, అడ్రసు, పాస్‌వర్డ్ రాశాను. "తరువాత" నొక్కాను. "మీ అకౌంటు కోసం వెతుకుతున్నాం" అని వచ్చి, కింద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది.

నలభై నిమిషాలూ తిరిగింది. కాకి వెళ్ళిపోయాక కూడా తిరుగుతూనే ఉంది. ఏ మీట నొక్కినా పలకలేదు. చివరికి కరెంటు తీసేశాను.

114వ రోజు

మళ్ళీ అదే. పాస్‌వర్డ్ ఒక్కొక్క అక్షరం నూకరత్నం చెబుతుంటే రాశాను. అదే చక్రం.

ఇలా కాదని గిడ్డంగి కంప్యూటర్లో ప్రయత్నించాను. అక్కడా ఆగిపోయింది. పైగా మామూలుగా పనిచేసే నా అకౌంటు కూడా పావుగంట పలకలేదు. మా వేదిక పెద్ద సరంగు దానయ్యగారు పక్కనే నిలబడి చూస్తున్నారు.

"ఉన్న ఒక్కటీ పాడు సేసీకు, తాతారావూ. దాన్ని ముట్టుకోకు," అన్నారు.

నా అకౌంటు నుంచే డిపోకు రాశాను. అదే నిమిషంలో జవాబు వచ్చింది: ఈ అడ్రసుకు మందులడిగే అధికారం లేదు. అది మనిషి రాసిన జవాబు కాదు. ఒడ్డున మా ఆఫీసుకు కూడా రాశాను.

115వ రోజు

ఆఫీసు జవాబు: "డిపోవాళ్ళతో మాట్లాడాం. నర్సు సొంత అకౌంటు నుంచి జాబితా రాకపోతే ఒక్క సీసా కూడా కదలదంటున్నారు. అకౌంటు మావైపు సరిగ్గానే ఉంది. పడవ 124న బయలుదేరుతుంది. 123న మధ్యాహ్నం పన్నెండులోపు జాబితా అందాలి."

ఆ పడవ తప్పితే తరువాతది పదిహేను రోజులకు. మా దగ్గరున్న ఇన్సులిన్ 128 దాకా వస్తుంది.

దానయ్యగారు ప్రోగ్రాంను మొత్తం తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించమన్నారు. నూకరత్నం అడ్డుపడింది.

"సత్యవతమ్మగారి తొమ్మిదేళ్ళ కాగితాలన్నీ అందులోనే ఉన్నాయండీ. ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి ఎంత మోతాదో. తుడిచేస్తే నేను వీళ్ళకి వైద్యం ఎలా చెయ్యను?"

"మందే నేకపోతే మోతాదు దేనికమ్మా?" అన్నారు దానయ్యగారు.

ఇద్దరి మాటా నిజమే. రేపు ఉదయం వరకు ఆగుదామని చెప్పి బయటపడ్డాను. అన్నం తింటుంటే పోలేశ్వరి అంది: "మా నాచు షెడ్డులో కొండమ్మత్త నేదూ? వయసులో ఉన్నప్పుడు విశాఖపట్నంలో ఇదే ఉజ్జోగం సేసిందట. కంప్యూటరు పాడైతే ఫోన్ సేత్తారు సూడు, ఆ ఫోనెత్తే ఉజ్జోగం."

నేను నవ్వాను. కొండమ్మత్తకు డెబ్బై రెండేళ్ళు. నీటికాసులతో చూపు పోయి ఆరేళ్ళయింది.

116వ రోజు

నవ్వినందుకు ఈ రోజు సిగ్గుపడుతున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కొండమ్మత్త అసలు పేరు బెవర అప్పలకొండ. షెడ్డులో నాచు వేరు చేస్తుంది. చేత్తో తడిమి, వాసన చూసి, ఏ నాచు కూరకు, ఏది పశువులకు, ఏది మందుకు అని మూడు గుట్టలు పోస్తుంది. చూపున్నవాళ్ళ గుట్టలను దానయ్యగారు మళ్ళీ ఒకసారి చూస్తారు. ఆమెవి చూడరు.

నేను అడగగానే చేతులు కడుక్కుని, నా భుజం పట్టుకుని వచ్చింది. ఆసుపత్రి గదిలో స్టూలు మీద కూర్చుంది, కంప్యూటరుకు వీపు పెట్టి.

"ఇటు తిరగాలత్తా," అన్నాను.

"తిరిగితే కనబడతాదేటి?" అంది. తరువాత వీపు నిటారు చేసి, గొంతు సవరించుకుంది. ఆ నోటి నుంచి నేనెప్పుడూ వినని గొంతు ఒకటి వచ్చింది. "నమస్కారమండీ. నేను మేఘన మాట్లాడుతున్నాను. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

నేను, నూకరత్నం మొహాలు చూసుకున్నాం.

"మేఘనెవరత్తా?"

"నానే. అక్కడోళ్ళకి అప్పలకొండంటే నోరు తిరిగీది కాదు. మేఘనని పెట్టీసారు. పదకొండేళ్ళు ఆ పేరుతోనే మాటాడాను." మళ్ళీ గొంతు మారింది. "స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో చెప్పగలరా అండీ?"

పుట్టినప్పటి నుంచి నన్ను ఒరే అని తప్ప పిలవని మనిషి. నేను కూడా తెలియకుండానే సర్దుకుని కూర్చున్నాను.

"పేరు, అడ్రసు రాసే చోటు ఉందండీ."

"మంచిది. నిన్న రాసినట్టే రాయండి. తొందరేం లేదు. ఏ మీట నొక్కే ముందైనా నాకు చెప్పి నొక్కండి."

అప్పుడు తొమ్మిది గంటలు. కాకి రావడానికి ఇంకా గంట ఉంది. "తరువాత" నొక్కాను. వెంటనే ఎర్ర అక్షరాలు వచ్చాయి: లంకె లేదు.

"ఎంతసేపట్లో వచ్చిందండీ?"

"నొక్కగానే."

"చక్రం తిరిగిందా?"

"లేదు."

ఆమె తల ఊపింది. "కాకి వచ్చిందాకా కూకుంటాను. ఒక గ్లాసు నీళ్ళియ్యమ్మా," అంది నూకరత్నంతో.

పదింటికి కాకి చప్పుడు నాకంటే ముందు ఆమెకే వినిపించింది. మళ్ళీ నొక్కాను. చక్రం మొదలైంది. ఆమె చెయ్యి చాచి కంప్యూటరు పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. చంటిపిల్లకి జ్వరం చూసే తీరులో చూసింది.

"వేడి లేదు. లోపల ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది," అంది. "ఇది పాడవలేదండీ. పాడైన యంత్రం వేడెక్కుతుంది, ఆయాసపడుతుంది. ఇది ఖాళీగా కూర్చుని ఉంది. ఎవరినో ఏదో అడిగింది. వాళ్ళ జవాబు కోసం చూస్తోంది."

"ఎవరిని?" అన్నాను.

"అదే కనుక్కోవాలి. లంకె లేనప్పుడు నేదని సెప్పీసింది కదా, దానికి నోరుంది. లంకె ఉన్నప్పుడు ఆగిపోతందంటే, అడగడం అడిగింది, అటేపు పలికేవోళ్ళు నేరు." ఆలోచనలో పడితే ఆమె మాట ఊరి మాటలోకి వచ్చేస్తుంది.

దానయ్యగారు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. "తుడిసీడం సంగతి?" అన్నారు.

"తుడిసినా మళ్ళా ఆళ్ళనే అడుగుతాది, సరంగుబాబూ. ఉన్న కాయితాలు పోతాయి. అంతే."

ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం ఆమెను షెడ్డుకు దింపుతూ అడిగాను, కళ్ళు లేకుండా ఇదంతా ఎలా అని. ఆమెకు నా ప్రశ్నే వింతగా తోచింది. "పదకొండేళ్ళలో నాను ఎవులి స్క్రీనైనా సూసానేటి? ఆళ్ళు ఏ ఊర్లోనో ఉండీవోరు. అన్నీ ఇనీ సూసాను."

117వ రోజు

ప్రోగ్రాం తాను చేసిన ప్రతి పనినీ ఒక ఫైలులో రాసుకుంటుందట. "నువ్వు రాసుకోవూ, అలాగే," అంది. అది ఎక్కడ ఉంటుందో ఆమెకు గుర్తే కానీ, పేరు సగమే గుర్తుంది. మూడు గంటలు వెతికాం. ఒక ఫోల్డరులో ఇంకో ఫోల్డరు, అందులో ఇంకోటి. నేను పేర్లు చదవడం, ఆమె కాదనడం. పదిహేడో దానికి "ఆగండి" అంది.

మూడు వందల నలభై వరసలున్నాయి. అన్నీ పొట్టి అక్షరాలు, అంకెలు.

"పై నుంచి చదవండి."

"అన్నీనా?"

"అన్నీనండీ."

118వ రోజు

చదవడంతోనే సరిపోయింది. అక్షరాలు తప్పు పలుకుతున్నానని ఆమె నాకు పద్ధతి నేర్పింది. ఎం అంటే మద్రాస్, ఎన్ అంటే నెల్లూరు, ఎస్ అంటే సికింద్రాబాద్. ఎం, ఎన్ ఒకేలా వినిపిస్తాయని, ఒక్క అక్షరం పొరపాటు పడితే ఒక మనిషి రోజంతా పాడవుతుందని చెప్పింది. ఆమె ఏదీ రాసుకోదు. రెండు వందలో వరస చదువుతుంటే ఆపి, "ఇది నలభై ఆరో వరసలో కూడా వచ్చింది కదండీ?" అంది. వెనక్కి వెళ్ళి చూశాను. వచ్చింది.

నూకరత్నం మధ్యలో రోగులను చూసుకుంటూ, తెర చాటు నుంచి వింటోంది. "మా కాలేజీలో ఇలాంటి టీచరు ఒక్కరున్నా బాగుండేది," అంది నాతో.

119వ రోజు

ఈ రోజు ఫైలు చదవలేదు.

పదకొండు గంటలప్పుడు పోలేశ్వరి నాచు తాళ్ళ దగ్గర తూలి పడింది. మోసుకొచ్చేసరికి ఊపిరి వేగంగా తీస్తోంది. నోటి నుంచి ముగ్గిన పండు వాసన. నూకరత్నం చక్కెర చూసి నా వైపు చూడకుండా సూది వేసింది, సెలైన్ పెట్టింది. తరువాత చల్లపెట్టె తెరిచి సీసాలు చూసింది.

"ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయి," అంది.

పోలేశ్వరి నాలుగు రోజులుగా సగం మోతాదే తీసుకుంటోంది. తెలివి రాగానే అరిచాను. పద్నాలుగేళ్ళ కాపురంలో అంతగా అరవలేదు.

"నువ్వు రోజూ ఆ చక్రం దగ్గర కూకుని ఇంటికొచ్చి అన్నం ముట్టడం నేదు," అంది నెమ్మదిగా. "నాకు తెలీదా ఏటి, అది అవదని? మా పదకొండు మందిలో లోవమ్మకి నెలలు నిండినాయి. ఇద్దరు పేణాలు. దానికి నాలుగు రోజులైనా ఎక్కువ వొత్తాదని."

మంచం పక్కన స్టూలు మీద కొండమ్మత్త కూర్చుని ఉంది, ఎప్పుడు వచ్చిందో. పోలేశ్వరి చెయ్యి వెతికి పట్టుకుంది.

"రేపట్నించి నిండా తీసుకోవే. అవదని నీకెవులు సెప్పారు? నాను సెప్పానా?"

పోలేశ్వరి లేదంది.

"మరి!"

120వ రోజు

పోలేశ్వరి లేచి కూర్చుంది. గంజి తాగింది.

మిగిలిన వరసలు పూర్తిచేశాం. ఆఖరి వరసలో ప్రోగ్రాం ఒక పేరును అడిగినట్టుంది. దాని కింద ఏమీ లేదు. ఎన్నిసార్లు ప్రయత్నించామో అన్నిసార్లూ అదే పేరు దగ్గర రాత ఆగిపోయింది.

కొండమ్మత్త ఆ పేరు రెండుసార్లు చదివించుకుంది. తరువాత నవ్వింది. "ఈడా! ఈడు ఇంకా ఉన్నాడేటి!"

అది పాతకాలపు కంపెనీ ఒకదాని చిరునామా. అప్పట్లో అకౌంటు పెట్టాలంటే ప్రోగ్రాం ముందుగా అక్కడ అడిగేది, ఈ అడ్రసు వివరాలు నీ దగ్గరున్నాయా అని. వాళ్ళు ఉందనో లేదనో చెప్పేవారు. లేదంటే ప్రోగ్రాం తరువాతి చోటుకు పోయేది. ఇప్పుడా కంపెనీ లేదు. "దారి మాత్రం ఉన్నాది. ఇల్లు నేదు," అంది. "మన ప్రోగ్రాం ఎల్లి ఆ ఖాళీ జాగాలో తలుపు తడుతున్నాది. నేరని సెప్పీవోళ్ళు కూడా నేరు. ఈడు మర్యాదస్తుడు, జవాబు రాకుండా కదలడు."

తొమ్మిదేళ్ళ కిందట సత్యవతమ్మగారి అకౌంటు పెట్టినప్పుడు అక్కడ ఎవరో ఉన్నారన్నమాట.

"అయితే ఏం చేద్దాం? అక్కడ మనిషిని పెట్టలేం కదా," అన్నాను.

"మనమే పలుకుదాం." మళ్ళీ మేఘన గొంతు వచ్చింది. "కంప్యూటర్లో ఒక చిన్న ఫైలు ఉంటుందండీ. ఏ పేరు ఎక్కడుందో అందులో రాసుకోవచ్చు. బయట అడిగే ముందు అది చూసుకుంటుంది. ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లోనే ఉన్నారని రాద్దాం. ప్రోగ్రాం ఇంట్లో చూసుకుంటుంది, ఎవరూ లేరని క్షణంలో తెలిసిపోతుంది, ముందుకు పోతుంది."

నాకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. తరువాత లేచి గదిలో అటూ ఇటూ నడిచాను. ఎనిమిది రోజులుగా నూట అరవై మందిని వణికిస్తున్న జబ్బుకు ఒక్క వరస మందు!

ఫైలు దొరికింది. వరస రాశాను. సేవ్ చెయ్యబోతే, అధికారం లేదంది కంప్యూటరు. దానయ్యగారి దగ్గరున్న పెద్ద పాస్‌వర్డ్ కావాలి. ఆయన వచ్చి, మమ్మల్ని అటు తిరిగి నిలబడమని, తానే రాశారు. సేవ్ అయింది. అప్పటికి కాకి వెళ్ళి రెండు గంటలైంది.

121వ రోజు

గాలి. కాకి రాలేదు.

122వ రోజు

కాకి వచ్చింది. నొక్కాను. చక్రం తిరిగింది, ఆగింది, స్క్రీన్ మారింది. నూకరత్నం చప్పట్లు కొట్టింది. కొత్త స్క్రీన్ మీద "ఇంకా వెతుకుతున్నాం" అని ఉంది. దాని కింద చక్రం.

అది ఆగలేదు. కాకి వెళ్ళేదాకా తిరిగింది.

కొండమ్మత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ముసలితనం నాకు మొదటిసారి కనిపించింది.

"తప్పు నాది," అంది. "ఒక పాత పేరు ఉన్నాదంటే రెండోది ఉండదా? ముందే ఆలోసించాల. రోజు పోగొట్టీసాను."

"మీరు లేకపోతే ఇక్కడిదాకా కూడా వచ్చేవాళ్ళం కాదు," అంది నూకరత్నం.

"అది కాదమ్మా. ఇంక ఒక్క కాకే ఉన్నాది."

ప్రోగ్రాం రాసుకున్న ఫైలులో చూశాం. రెండో పేరు దొరికింది, రాశాను. ఆమెకు అది చాలలేదు. మూడోది ఉంటే? నాలుగోది ఉంటే? రేపు నలభై నిమిషాలే. నన్ను కాగితం తీసుకోమంది. మోకాళ్ళ మీద వేళ్ళతో తాళం వేస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఆ ప్రోగ్రాం ఏ క్రమంలో ఎవరెవరిని అడిగేదో, నలభై ఏళ్ళ కిందట రోజుకు అరవై మందికి చెప్పిన పాఠం అది. ఒక పేరు దగ్గర ఆగిపోయింది. షెడ్డులోకి తీసుకెళ్ళమంది. నాచు ముందు కూర్చుని వేరు చేస్తూ ఉండగా, అరగంటకు ఆ పేరు దానంతటదే వచ్చింది. మొత్తం తొమ్మిది పేర్లు. షెడ్డులో ఆడవాళ్ళందరూ పని ఆపి విన్నారు.

తొమ్మిదీ ఫైలులో ఎక్కించాను. దానయ్యగారు ఈసారి మమ్మల్ని అటు తిరిగి నిలబడమనలేదు.

123వ రోజు

ఉదయం ఎనిమిదికే నూకరత్నం పదకొండు మందికీ రక్తం పరీక్ష చేసి జాబితా సిద్ధం చేసింది. తొమ్మిదికి గది నిండిపోయింది. లోవమ్మకు కుర్చీ వేశారు. కొండమ్మత్త స్టూలు మీద, కంప్యూటరుకు వీపు పెట్టి.

పది దాటింది. కాకి లేదు. పదీ పది. పదీ ఇరవై. పదీ ఇరవై రెండుకు ఆమె తల ఎత్తింది. "వొత్తన్నాది," అంది. మాకు వినిపించడానికి ఇంకో నిమిషం పట్టింది.

నొక్కాను. చక్రం తిరిగింది. స్క్రీన్ మారింది. చక్రం. మళ్ళీ మారింది. చక్రం. నేను ప్రతిదీ పైకి చదువుతున్నాను. ఒక మాట పూర్తికాకముందే ఇంకోటి చదివేస్తున్నాను.

"మీరు చాలా బాగా చెబుతున్నారండీ," అంది ఆమె. "ఊపిరి పీల్చుకోండి. ఇప్పుడేం కనిపిస్తోంది?"

"చక్రం పోయింది. అకౌంటు దొరకలేదు, వివరాలు మీరే రాయండి అంటోంది."

"అమ్మయ్య," అని మేఘన కాదు, కొండమ్మత్త అంది. తరువాత: "ఎన్ని గడులున్నాయండీ?"

"నాలుగు. ఉత్తరాలు వచ్చే చోటు, పంపే చోటు. ఒక్కోదానికి ఒక అంకె అడుగుతోంది."

చోట్ల పేర్లు ఆఫీసు పంపిన కాగితంలో ఉన్నాయి. అంకెలు లేవు.

"వచ్చేదానికి తొమ్మిది వందల తొంభై మూడు," అంది ఆమె, అడగకముందే. "పంపేదానికి అయిదు వందల ఎనభై ఏడు. రాశారా? ఒకసారి నాకు చదివి వినిపించండి."

చదివాను. నొక్కాను. చక్రం తిరగడానికి కూడా సమయం పట్టలేదు. "మీ అకౌంటు సిద్ధంగా ఉంది" అని వచ్చింది. పక్కన మైలపల్లి నూకరత్నం పేరు. దాని కింద సత్యవతమ్మగారి తొమ్మిదేళ్ళ కాగితాలు, ఒక్కటీ చెదరకుండా.

నూకరత్నం జాబితా పంపింది. వెళ్ళినట్టు గుర్తు వచ్చేసరికి పదకొండు గంటల రెండు నిమిషాలు. అదే నిమిషంలో కాకి నాలుగో వేదిక వైపు తిరిగింది.

గదిలో ఎవరో ఏడుస్తున్నారు. చూస్తే దానయ్యగారు.

కొండమ్మత్త ఇంకా లేవలేదు. "మీకు ఇంకేమైనా సహాయం కావాలా అండీ?" అని అడిగింది.

పోలేశ్వరి వెళ్ళి ఆమె పాదాల దగ్గర కూర్చుని, తల ఆమె ఒళ్ళో పెట్టింది.

124వ రోజు

నూకరత్నం అకౌంటుకు మొదటి ఉత్తరం: "జాబితా అందింది. పదకొండు మందికీ ఎక్కించాం." ఈసారి మనిషి రాసిందే. కింద పేరుంది.

126వ రోజు

పడవ వచ్చింది. మంచుపెట్టెలో ఇన్సులిన్, పురిటి సామాను, ఉల్లిపాయలు, జల్లెడలు ఆరు. నూకరత్నం సీసాలు లెక్కపెట్టి, లెక్క సరిపోయినా ఇంకోసారి లెక్కపెట్టింది.

పడవ నడిపే చోడిపల్లి గురవయ్య మా కథ విని, తాడు చుట్టడం ఆపేశాడు. "అయిదో వేదికలో కూడా అదే సక్రం. రెండు నెలల్నించి ఆళ్ళ దగ్గర్నించి ఒక్క ఉత్తరం నేదు. ఊరొదిలీసారేమో అనుకున్నాం. కిందటి నెల అటేపు ఎల్తే జనం ఆడే ఉన్నారు. నర్సు జాబితా నేకుండా డిపోవోళ్ళు మందులిత్తారేటి? ఇద్దరు పోయారు."

నేను వెంటనే తొమ్మిది పేర్లూ ఒక కాగితం మీద రాయడానికి కూర్చున్నాను. ఎలా రాయాలో, ఎక్కడ సేవ్ చెయ్యాలో, ఏ అంకెలో, అన్నీ. రెండు పేజీలైంది. కొండమ్మత్తకు చదివి వినిపించాను.

"బాగుంది," అంది. "ఇందులో నేని స్క్రీన్ ఒకటి వొత్తే ఆళ్ళు ఏటి సేత్తారు?"

నేను కలం కింద పెట్టాను.

"గురవయ్యా, అయిదో దానికి ఎన్ని రోజులు?"

"గాలి బాగుంటే మూడు. అమ్మా, నీకు సూపు నేదు. ఆ వేదికెక్కాలంటే తాడు నిచ్చెనే. ఆడ మెట్లు కూడా నేవు."

"నిచ్చెన ఎక్కడానికి కాళ్ళూ సేతులూ సాలు. సదివి సెప్పీవోళ్ళు ఆడ ఒకరుంటే సాలు."

దానయ్యగారు వద్దన్నారు. పోలేశ్వరి వద్దంది. నేనూ వద్దన్నాను. ఆమె మూడు చీరలు, ఒక దుప్పటి మూట కట్టించుకుంది. నూకరత్నం కంటి చుక్కల మందు నెలకు సరిపడా ఇచ్చి, ఏ సీసా ఎప్పుడో చేత్తో తడిమించి చెప్పింది. షెడ్డులో ఆడవాళ్ళు పడవ దాకా వచ్చారు. ఎవరూ ఏడవలేదు. వాళ్ళకు ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసిందట. పోలేశ్వరి నాకు తరువాత చెప్పింది.

129వ రోజు

లోవమ్మకు ఆడపిల్ల. మూడు కిలోలు. తల్లి చక్కెర అదుపులో ఉంది.

నాచు వేరు చేసే పని నలుగురికి పంచాం. నలుగురూ కలిసినా ఆమె చేసినంత కావడం లేదు.

133వ రోజు

పది గంటలకు కాకి వచ్చింది. వచ్చిన ఉత్తరాల్లో ఒకటి అయిదో వేదిక నుంచి. ఆ అడ్రసు చూడగానే కుర్చీలోంచి లేచాను. చదవకుండానే కాగితం మీద ప్రింటు తీసుకుని షెడ్డుకు పరిగెత్తాను. అందరూ పని ఆపారు. పైకి చదివాను.

"తాతారావూ, నాను సెప్తంటే ఇక్కడి నర్సు రాత్తన్నాది. ఈళ్ళ ప్రోగ్రాం తొమ్మిది పేర్లతో ఆగలేదు, పది కావాల్సొచ్చింది. ఆ పదోది కింద రాయించాను, నీ కాగితంలో కలుపుకో. నిచ్చెన బాగానే ఎక్కాను. ఈళ్ళు పప్పులో ఉప్పెక్కువేత్తారు. ఏడో వేదికలో కూడా ఏదో సక్రం తిరగతన్నాదట. గురవయ్యని అడిగాను, మంగళవారం అటు ఎల్తాడట."

పోలేశ్వరి, "మల్లా సదువు," అంది.

మళ్ళీ చదివాను.